అస్త్రమునకు గడువు

"ఇప్పుడే రాలేనమ్మా, ఇంకను 12 సెకన్లు ఉన్నవి!" అన్నము వడ్డించి పిలిచిన తల్లికి ఇట్టి సమాధానము వచ్చుట నేడు మన ఇండ్లలో వింత కాదు. ఫోను మీదనో కంప్యూటరు మీదనో ఆడుచున్న పిల్లవాడు దేనికై ఆ 12 సెకన్లు లెక్కించుచున్నాడో ఆమెకు తెలియదు. వానిని అడిగినను వాడు చెప్పు తీరిక యుండదు. తొంగి చూచినచో తెర యడుగున వరుసగా కొన్ని చిన్న బొమ్మలు కనబడును. అందొకటి నల్లబడి, గడియారపు ముల్లు తిరిగినట్లు కొద్దికొద్దిగా వెలుగు పొందుచుండును. ఆ వెలుగు చుట్టు తిరిగి వచ్చునందాక ఆ బొమ్మకు సంబంధించిన శక్తిని మరల ప్రయోగించుటకు వీలులేదు.

ఆడువారు దీనిని 'కూల్‌డౌన్' అందురు. చల్లారుట యని ఆ మాటకర్థము. ఎడతెగక పేల్చిన తుపాకి గొట్టము కాగిపోయి, చల్లారిన పిమ్మట గాని మరల పేల్చుటకు తగనట్లుగా ఈ శక్తియు కొంత తడవు చల్లారవలెనని భావన. మనకు 'గడువు' అను చక్కని మాట యున్నది గనుక ఈ ప్రసంగమున దానినే వాడుదును. ఆటలోని గడువు పైకి అల్పవిషయము వలె తోచును గాని, పదిమంది కలిసి ఆడు ఆటలో న్యాయమంతయు దానిపైననే నిలిచియున్నది. ఎవని గడియారమును బట్టి ఆ గడువు లెక్కకు వచ్చును, వేచియుండుట వలన ఎవనికి లాభము, అను రెండు ప్రశ్నలు విడిచిపెట్టినచో ఆ 12 సెకన్ల మాట మనకెన్నటికిని అర్థము కాదు.

ఉప్పలు క్రీడామైదానమున క్రికెట్టు చూచినవారికిని, రేడియోలో దాని వ్యాఖ్యానము విన్నవారికిని ఈ సంగతి సులువుగా బోధపడును. ఎంతటి మేటి బౌలరైనను వరుసగా రెండు ఓవర్లు వేయరాదు. ఒక ఓవరు ముగించిన పిమ్మట కనీసము ఇంకొక ఓవరు వేరొకడు వేయునందాక అతడు ఆగవలసినదే. అది గడువు. 20 ఓవర్ల ఆటలో ఒక్కొక్కడు 4 ఓవర్లకు మించి వేయరాదు. అది వేరు కట్టడి. దానిని పరిమితి యందము. ఈ రెండును లేకున్న కెప్టెనుకు ఆలోచింపవలసిన పని యేమున్నది? ఉన్న వారిలో శ్రేష్ఠునికి బంతి నిచ్చి తాను చేతులు కట్టుకొని నిలుచుండును. గడువును పరిమితియు ఉన్నందుననే, తన మేటి బౌలరును ఇప్పుడు పిలువవలెనా, చివరి ఓవర్లకై దాచవలెనా యని అతడు తలపట్టుకొనుచున్నాడు. ప్రేక్షకులకు ఆనందము కలిగించునది ఆ తలనొప్పియే.

మన పురాణకథలయందు ఆయుధములకు పరిమితి కలదు గాని గడువు కానరాదు. ఇంద్రుడు కర్ణునకిచ్చిన శక్తి ఒక్కసారియే పనిచేయును. అర్జునునికై దాచిన దానిని ఘటోత్కచుని మీద వ్యయము చేయవలసివచ్చుటలోనే కర్ణుని దుఃఖమంతయు ఉన్నది. ఆ శక్తికి మూడు నిమిషముల గడువు మాత్రమే యున్నట్లయిన, కర్ణుడు ఘటోత్కచుని కూల్చి, కొంతసేపు రథము తోలించి, మరల సిద్ధమైన ఆయుధముతో అర్జునుని వెదకికొనుచు పోయియుండును. కథ చప్పబడిపోవును. అయినను ఆట కథ కాదు. అది రేపు మరల ఆడవలసినది గనుక, అందలి ఆయుధము ఒక్కసారితో ముగిసిపోరాదు, ఎల్లప్పుడును చేతిలో ఉండరాదు. ఈ రెంటి నడిమి త్రోవయే గడువు.

ఈ త్రోవ ఒక్కనాట ఏర్పడినది కాదు. 1950లో జాక్ వాన్స్ అను అమెరికను రచయిత ప్రకటించిన 'ది డయింగ్ ఎర్త్' అను కథల పుస్తకమున మాంత్రికులు మంత్రమును కంఠస్థము చేసికొని, ఒకమాఱు ప్రయోగింపగానే దానిని మఱచిపోవుదురు. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను బల్లమీది ఆటలో ఈ భావననే గ్రహించి, మాంత్రికునకు దినమునకు ఇన్ని మంత్రములని కట్టడి చేసిరి. బల్ల చుట్టు కూర్చున్నవారికి దినమనగా కథలోని దినమే గాని గోడ గడియారముతో పనిలేదు. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు ఒకే కంప్యూటరులో పలువురు కలిసి సంచరించు ఆటను నిర్మించినపుడు కథలోని కాలము పోయి నిజమైన కాలము వచ్చినది. ఒకడు టీ త్రాగి వచ్చునందాక తక్కినవారు ఆగరు గదా. అటుపై 1990 ప్రాంతమున కోపెన్‌హేగెన్‌లో పుట్టిన 'డికూ' తెగ ఆటలు పోరును కొన్ని సెకన్లకొక విడతగా నడిపినవి. 1999లో 'ఎవర్‌క్వెస్ట్', 2004 నవంబరులో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' వెలువడు నాటికి ప్రతి శక్తికి దాని గడువు దానికి ఏర్పడి, బొమ్మపై గడియారపు ముల్లు తిరుగుట వాడుకలోనికి వచ్చెను.

ఇక గడియారము సంగతి. ఇందు పెక్కుమందికి ఒక పొరపాటు అభిప్రాయము కలదు. తెరమీద తిరుగునట్టి ముల్లే అసలు గడియారమని తలంతురు. కాదు; అది నీడ. అసలు గడియారము ఎక్కడనో దూరమున, ఆటను నడుపు పెద్ద కంప్యూటరులో, అనగా సర్వరులో ఉండును. ఆ సర్వరు 'పది, తొమ్మిది, ఎనిమిది' అని లెక్కించుచు కూర్చొనదు. వేలకొలది ఆటగాండ్రకు ఇన్ని శక్తులుండగా ఒక్కొక్కదానికి అట్లు లెక్కించుట వ్యర్థ ప్రయాస. అది చేయునది చాల సులభము. శక్తిని ప్రయోగించిన క్షణమున 'ఈ శక్తి మరల ఫలాని వేళకు సిద్ధము' అని ఒక్క అంకెను వ్రాసి పెట్టుకొనును. మరల ఆజ్ఞ వచ్చినపుడు తన గడియారమును ఆ అంకెతో పోల్చి చూచును. వేళ దాటినచో సరి, లేనిచో 'ఇంకను సిద్ధము కాలేదు' అని త్రిప్పి పంపును. రేషను దుకాణమువాడు మన కార్డు మీద మరుసటి తేదీ వ్రాసి పంపుట వంటిది. ఆ తేదీ వచ్చువఱకు అతడు మనలను తలచుకొనడు.

ఆటగాని ఫోనునే ఏల నమ్మరాదు? ఫోను వాని చేతిలోనిది. దాని గడియారమును ముందునకు త్రిప్పినంత మాత్రమున గడువు తీరునట్లయిన ఆట ఒక్క పూటయైన నిలువదు. కనుక తీర్పరి సర్వరే కావలెను. కాని తీర్పరి దూరమున నుండుట వలన ఒక చిక్కు వచ్చినది.

పోచారమునే తీసికొందము. ఉప్పలు దాటి, వరంగల్లు రాజమార్గమున ఘట్‌కేసరు వైపు పోవునపుడు తగులు ఊరది. ఒకప్పటి పొలముల నడుమ నేడు ఇన్ఫోసిస్ వారి విశాలమైన ఆవరణము, దాని చుట్టు క్రొత్త ఇండ్ల వరుసలు వెలసినవి. పగలంతయు దూరదేశపు కంప్యూటర్లతో పనిచేసి వచ్చిన యువకులు అనేకులు ఆ ఇండ్లలో నివసింతురు. అట్టి ఇంటనుండి ఒకడు సింగపూరునందలి సర్వరుతో ఆడుచున్నాడనుకొందము. హైదరాబాదునకు సింగపూరు తిన్నగా కొలిచిన సుమారు 3,300 కిలోమీటర్లు. గాజు తంతువులో వెలుగు మిల్లీసెకనుకు, అనగా సెకనులో వేయవ వంతునకు, సుమారు 200 కిలోమీటర్లు పోవును. కనుక ఆజ్ఞ పోయి జాబు వచ్చుటకు ఎంత లేదన్నను 33 మిల్లీసెకన్లు పట్టును. సర్వరు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టునందున్నచో దూరము సుమారు 7,100 కిలోమీటర్లు, కాలము 71 మిల్లీసెకన్లు. ఇవి ప్రకృతి విధించిన కనిష్ఠములు. ఎంత సొమ్ము పోసినను తగ్గవు. నిజమునకు కేబుళ్లు తిన్నగా పోవు. ఐరోపాకు పోవు త్రోవ ముంబయి మీదుగా అరేబియా సముద్రము, ఎర్రసముద్రము, ఈజిప్టు చుట్టి పోవుచున్నది. మధ్య మధ్య కూడళ్లలో ఆగుచు పోవలెను. కనుక రెండింతలు మూడింతలు పట్టుట సామాన్యము. 2024 ఫిబ్రవరిలోను, 2025 సెప్టెంబరులోను ఎర్రసముద్రమున కేబుళ్లు తెగి, సమాచారము వేరు దారులు పట్టవలసి వచ్చినపుడు ఈ ఆలస్యము మఱింత పెరిగినది. రాకపోకలకు పట్టు ఈ కాలమునే ఆడువారు 'పింగ్' అందురు.

దీనివలన గడువునకు కలుగు నష్టమెంత? లెక్క చూడుడు. పింగ్ 120 మిల్లీసెకన్లు, గడువు సెకనున్నర యనుకొందము. ఆటగాడు మీట నొక్కెను. ఆజ్ఞ 60 మిల్లీసెకన్లకు సర్వరు చేరెను. గడువు అప్పుడు మొదలయ్యెను. ఆ వార్త మరల 60 మిల్లీసెకన్లకు ఇల్లు చేరి తెరమీద ముల్లు తిరుగనారంభించెను. ముల్లు పూర్తిగా తిరిగిన క్షణముననే, కన్నార్పక, మరల నొక్కెననుకొనుడు. ఆ ఆజ్ఞ సర్వరు చేరుసరికి అచట గడువు తీరి 120 మిల్లీసెకన్లు గడచినవి. అనగా సెకనున్నరకొక్క దెబ్బ కొట్టవలసినవాడు 1.62 సెకన్లకొక్కటి కొట్టుచున్నాడు. 5 నిమిషముల పోరులో 200 దెబ్బలకు బదులు 185 మాత్రమే. వాని వ్రేళ్లయందు లోపము లేదు, బుద్ధియందు లోపము లేదు. సర్వరు ప్రక్క వీధిలో నున్నవాడు ఆ 15 దెబ్బలు ఊరక సంపాదించుకొనుచున్నాడు.

2022 నవంబరులో అమెజాన్ సంస్థ తన క్లౌడ్ సేవలకై హైదరాబాదున ఒక ప్రాంతమును ప్రారంభించినది. అట్టిచోట ఆట సర్వరు నిలిపినచో పోచారపు ఆటగాని కష్టము దాదాపు తీరిపోవును. కాని యంత్రశాల ఊరిలో ఉన్నంత మాత్రమున ప్రతి ఆటయు దానిలోనికి రాదు. ఎచ్చట ఆడువారు ఎక్కువగా ఉందురో, డబ్బు చెల్లించువారు ఎక్కువగా ఉందురో, అచ్చటనే ఆటలవారు సర్వరు నిలుపుదురు. ఇందు వారిని తప్పుపట్టుట కష్టమే గాని, ఆడువానికి కలుగు అన్యాయము మాత్రము అన్యాయమే.

ఆటలు నిర్మించువారు ఈ చిక్కునకు ఒక ఉపాయము కనిపెట్టిరి. గడువు తీరకమునుపే, కొద్దిగా ముందు నొక్కిన ఆజ్ఞను త్రోసివేయక, తనయొద్ద నుంచుకొని గడువు తీరిన మరుక్షణమున దానిని అమలు జరుపుట. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో ఈ వెసులుబాటు 400 మిల్లీసెకన్లుగా ఏర్పరచియున్నారు. పోచారమువాడు ముల్లు పూర్తిగా తిరుగునందాక ఆగక, 200 మిల్లీసెకన్లు ముందుగానే నొక్కినచో, ఆజ్ఞ దారిలో 60 మిల్లీసెకన్లు గడిపినను వేళకు ముందే సర్వరు వాకిట నిలిచియుండును. పోయిన 15 దెబ్బలును తిరిగి వచ్చినవి! నేర్చిన ఆటగాండ్రు మీటను టకటక కొట్టుచుండుట చాపల్యము వలన కాదు. వాకిట ముందుగా నిలుచుటకే. అయితే ముందుగా ఇచ్చిన ఆజ్ఞను వెనుకకు తీసికొనుట కష్టము. ఆ 400 మిల్లీసెకన్లలో ప్రక్కవాడు కుప్పకూలినను, చేయి దాటిన ఆజ్ఞ జరిగియే తీరును. అందుచే ఆరితేరినవారు కొందఱు తమ పింగ్‌ను బట్టి ఈ వెసులుబాటును తగ్గించుకొందురు.

ఆ సెకనున్నర మాట యేమని శ్రోతలు అడుగవచ్చును. శక్తులన్నిటికిని వేర్వేరు గడువులు గాక, అన్నిటికిని కలిపి ఒక చిన్న గడువు కూడ కలదు. దీనిని సామాన్య గడువు అందము. ఏ శక్తిని ప్రయోగించినను తక్కిన శక్తులు కూడ ఆ కొంచెము సేపు మూగవోవును. వార్‌క్రాఫ్ట్‌లో ఇది మూలమున సెకనున్నర. 'ఫైనల్ ఫాంటసీ 14'లో రెండున్నర సెకన్లు. ఇది లేనిచో వ్రేళ్లు చుఱుకైనవాడు, లేదా వ్రేళ్లకు బదులు యంత్రమును పెట్టుకొన్నవాడు, కన్ను మూసి తెఱచులోపల తన అమ్ములపొది యంతయు గ్రుమ్మరించి పోవును. సామాన్య గడువు ఆటకు తాళము వంటిది. పాటకుని బట్టి రాగము మారవచ్చును గాని తాళము అందఱకు ఒక్కటే.

ఈ తాళపు దెబ్బల నడుమ చొప్పించుటకు వీలైన చిన్న శక్తులు కొన్ని ఫైనల్ ఫాంటసీలో ఉన్నవి. వానికి సామాన్య గడువు వర్తింపదు. ఆడువారు దీనికి పెట్టుకొన్న పేరు 'నేత'. పోచారమునకు కొంత దూరముననే ఉన్న భూదాన్ పోచంపల్లికి పోయి గుంటమగ్గము ముందు నిలుచున్నవారికి ఈ పేరు ఎంత తగియున్నదో తెలియును. కాలితో త్రొక్కగానే పడుగు రెండు పాయలుగా విడిపోవును. ఆ విడిన క్షణముననే నాడె ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పోవలెను. ఆలస్యమైన, మూసికొను పోగులలో నాడె చిక్కుకొని లయ చెడును. ఆటలోను అంతే. ఒక్కొక్క శక్తి ప్రయోగించిన పిమ్మట శరీరచలనము పూర్తియగుటకు సుమారు 0.6 సెకను వేఱేమియు చేయ వీలులేదు. దానికి పింగ్ తోడగును. పింగ్ 50 మిల్లీసెకన్లున్నచో ఒక పెద్ద దెబ్బయు, రెండు చిన్న శక్తులును కలిసి 1.95 సెకన్లు, రెండున్నర సెకన్ల పాయలో హాయిగా ఇముడును. పింగ్ 250 అయినచో అవి మూడును కలిసి 2.55 సెకన్లు. అనగా నాడె చిక్కుకొన్నది. ఆ 0.05 సెకను ప్రతిసారియు తరువాతి దెబ్బను వెనుకకు నెట్టును. దూరపు ఆటగాడు రెండు చిన్న శక్తులకు బదులు ఒక్కటియే నేసి తృప్తిపడవలసివచ్చును. ఆట నేర్పు పుస్తకములు సర్వరు ప్రక్కనున్నవాని కొఱకు వ్రాసినవి గనుక వానిని చదివి తన చేతకానితనమునకు తానే చింతించు పిల్లవాడు మన ఊళ్లలో ఉండుట సహజము. వానికి కావలసినది ఓదార్పు కాదు, ఈ కూడిక.

సర్వరు కూడ ప్రతి ఆజ్ఞను వచ్చిన క్షణముననే పరిశీలింపనక్కఱలేదు. పోస్టుమాను ఉత్తరమును వేసిన వెంటనే గాక, పెట్టె తీయు వేళకు తీయునట్లు, కొన్ని సర్వర్లు వచ్చిన ఆజ్ఞలను కొంత తడవు ప్రోగుచేసి ఒక్కమాఱుగా తీర్చును. వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో ఈ తడవు 400 మిల్లీసెకన్ల వఱకు ఉండెడిది. దీనివలన ఒక వింత పుట్టినది. ఇద్దఱు మాంత్రికులు ఒకరినొకరు గొఱ్ఱెగా మార్చు మంత్రమును ఒకే ప్రోగులో పలికినచో, ఎవరిది ముందని చూడక ఇద్దఱును గొఱ్ఱెలైపోయెడివారు! కాలక్రమమున యంత్రములు వేగము పుంజుకొని ఈ వింత మాయమయ్యెను. 2019 ఆగస్టులో ఆ సంస్థవారు పాత ఆటను పాతగనే మరల నడపనారంభించినపుడు ఈ ఆలస్యమును గూడ పనిగట్టుకొని పునరుద్ధరించిరి. పాత రుచి కావలెనన్నవారే ఆ పాత చాదస్తమును భరింపలేకపోయిరి. 2021లో దానిని 10 మిల్లీసెకన్లకు కుదించిరి. పాత పాటను మెచ్చుకొనువారు పాత రికార్డు గరగరను కూడ కోరుదురా యని అడిగిన, కొందఱు కోరుదురు, పెక్కుమంది కోరరు.

గడువును తగ్గించు వస్తువులను ఆటలో బహుమతులుగా ఇచ్చుట కలదు. ఇందొక గణితపు మెలిక యున్నది. 10 సెకన్ల గడువును నూటికి పది చొప్పున తగ్గించుచు పోవుదము. మొదట నిమిషమునకు 6 ప్రయోగములు. నూటికి 10 తగ్గింప 6.7. నూటికి 30 తగ్గియున్న చోట ఇంకొక పది తగ్గించినచో 8.6 నుండి ఒక్కమాఱుగా 10కి ఎగబ్రాకును. నూటికి 90 తగ్గించినచో నిమిషమునకు 60! వస్తువు అదే, ధర అదే, లాభము మాత్రము ఉన్నవానికే ఎక్కువ. అందుచే వేఱొక తెగకు చెందిన 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అను ఆటలో చాల కాలము నూటికి 40 కి మించి తగ్గింపరాదని హద్దు గీసియుంచిరి. 2020 నవంబరులో ఆ పద్ధతినే తీసివేసి, గడువునకు బదులు వేగమును పెంచు లెక్కను తెచ్చిరి. గడువును నూటితో గుణించి, నూఱునకు వేగపు అంకెను కలుపగా వచ్చిన మొత్తముతో భాగించవలెను. వేగము 25 అయిన 10 సెకన్లు 8 అగును, నిమిషమునకు 7.5 ప్రయోగములు, 50 అయిన 9, 75 అయిన 10.5, 100 అయిన 12. అడుగడుగునకు ఒకటిన్నరయే పెరుగుచున్నది. ధనికునకును బీదకును ఒకే వడ్డీ.

ఇంతవఱకు ఒంటరివాని గడువు. పదిమందియో ఇరువదిమందియో కలిసి ఒక రాక్షసునితో పోరాడు వేళ గడువుల లెక్క కుటుంబపు లెక్క వలె మారును. వార్‌క్రాఫ్ట్‌లో తన వారినందఱను ఉద్రేకపఱచు శక్తి యొకటి కలదు, 'హీరోయిజమ్' అందురు. 40 సెకన్ల పాటు అందఱి వేగమును నూటికి 30 పెంచును. సెకనున్నరకొక్క దెబ్బ కొట్టువాడు ఆ 40 సెకన్లలో 26 బదులు 34 కొట్టగలడు. 2007లో ఈ శక్తి వచ్చిన క్రొత్తలో ఒక్కొక్క శక్తిధరునకు గడువు వేఱు గనుక, జట్లవారు అట్టివారిని పెక్కుమందిని చేర్చుకొని, ఒకని తరువాత ఒకనిచే ప్రయోగింపజేసికొనిరి. తక్కిన విద్యలు వచ్చినవారికి జట్టులో చోటు దొరకుట కష్టమైనది. అప్పుడు నిర్మాతలు గడువును ఇచ్చువాని మీదనుండి పుచ్చుకొనువాని మీదికి మార్చిరి. ఒకమాఱు ఆ ఉద్రేకమును పొందినవాడు 10 నిమిషముల వఱకు, ఎవరు ఇచ్చినను, మరల దానిని పొందజాలడు. ఇంత చిన్న సవరణతో శక్తిధరుల గుంపు అనవసరమైపోయినది. విందులో వడ్డించువారు పదుగురున్నను తినువాని కడుపు ఒక్కటే గదా.

ఇట్టి పోరులలో నాయకుడైనవాడు కాగితము మీద పట్టిక వ్రాసికొనును. రాక్షసుడు మొదటి నిప్పుల వాన కురిపించునపుడు ఒక వైద్యుని పెద్ద శక్తి, రెండవ వానకు ఇంకొకనిది, మూడవ వానకు మొదటివాని గడువు తీరునా లేదా? తీరనిచో నడుమ ఎవరిని నిలుపవలెను? తన శక్తి సిద్ధముగా నున్నను, తన వంతు కాదు గనుక చేతులు కట్టుకొని కూర్చుండుట ఇందు కష్టమైన విద్య. ఒకడు తొందరపడి ముందే వాడివేసినచో, రెండు నిమిషముల తరువాత ఇరువదిమంది కూలుదురు. భోజనమునకు పిలిచిన తల్లికి వచ్చిన సమాధానము వెనుక కొన్నిమాఱులు ఇట్టి బాధ్యత యుండును. అన్నిమాఱులు ఉండదు, ఆ సంగతి తల్లికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

గడువు మిక్కిలి దీర్ఘమైనను ఆట చెడును. వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో కాపుగాయు యోధుని 'షీల్డ్ వాల్' అను డాలు శక్తికి 30 నిమిషముల గడువుండెను. ఓడిన ప్రతిసారియు అర్ధగంట కూర్చుండి కబుర్లు చెప్పుకొనిన గాని మరల యత్నింప వీలులేకపోయెను. కొందఱు ఆ శక్తిని ఎప్పటికో యని దాచి, అసలు వాడకయే ఆట ముగించిరి. తరువాత నిర్మాతలు ఇట్టి గడువులను బాగుగా కుదించిరి. పెద్ద పోరు ముగిసినంతనే దీర్ఘమైన గడువులను రద్దుచేయు ఏర్పాటు కూడ వచ్చినది.

ఇక తల్లిదండ్రులు చెవి యొగ్గి వినవలసిన భాగము. ఇంతవఱకు చెప్పిన గడువులు సెకన్లతోను నిమిషములతోను కూడినవి. ఆట నడుచుచుండగానే తీరునవి. వీనితో పోలిక కలిగి, స్వభావమున పూర్తిగా వేఱైన గడువులు ఫోను ఆటలలో ఉన్నవి. 2012లో వచ్చిన 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లో కోటలోని కట్టడములను పెంచుటకు గంటలు, దినములు పట్టును. రత్నములు చెల్లించినచో వెంటనే పూర్తియగును. రత్నములను రూపాయలతో కొనవచ్చును. మొదటి తరహా గడువు ఆటగానిని ఆలోచింపజేయుటకు పెట్టినది. రెండవది వానిని విసిగించి, ఆ విసుగును అమ్ముకొనుటకు పెట్టినది. ఈ భేదమును కనిపెట్టుటకు ఒక్క ప్రశ్న చాలును: "ఈ వేచియుండుట డబ్బు చెల్లించిన తీరునా?" పిల్లవాడు నిజము చెప్పును, వానికి అది రహస్యము కాదు. పందెపు ఆటలపై తెలంగాణమున 2017లో చట్టపు సవరణ జరిగినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించు చట్టమును ఆమోదించినది. ఆ చట్టముల చూపు ధనము గెలుచుకొను ఆశతో ఒడ్డు పందెముల మీదిది. కాలమును కొనువాడు ఏ ధనమును గెలుచుకొనడు గనుక ఆ లెక్కలోనికి రాడు. ఈ కాపలా ఇంటివారిదే.

రెండు తెగలకును నడుమ నిలిచినది 2020 సెప్టెంబరులో వెలువడిన 'గెన్షిన్ ఇంపాక్ట్'. దానిలో శక్తుల గడువులు సెకన్లలోనే ఉన్నవి, చక్కగనే ఉన్నవి. వానికి తోడు 'రెజిన్' అను బంక వంటి సరకొకటి కలదు. రాక్షసుని గెలిచిన పిమ్మట బహుమతి పుచ్చుకొనుటకు అది కావలెను. ఆట మూసి నిద్రించుచున్నను 8 నిమిషములకొకటి చొప్పున అది తనంతట సమకూరును. తొందర గలవాడు కొనుక్కొనవచ్చును కూడ. చాల కాలము ఆ పాత్ర 160 తో నిండెడిది. 160 నిండుటకు 21 గంటల 20 నిమిషములు. దినమునకొక్కమాఱు, రాత్రి భోజనమైన పిమ్మట ఆడు బుద్ధిమంతుడు మరునాడు అదే వేళకు వచ్చుసరికి పాత్ర ఎప్పుడో నిండి, 2 గంటల 40 నిమిషముల పాటు ఊరక పొర్లిపోయి యుండును. అనగా దినమునకు 20 నష్టము. ఆ నష్టము సహింపలేక బడి విడిచినంతనే ఫోను పట్టు పిల్లలును, కార్యాలయపు మెట్లమీద నిలిచి ఆడు పెద్దలును తయారైరి. 2024 జూనులో ఆ పాత్రను 200 కు పెంచిరి. ఇప్పుడది నిండుటకు 26 గంటల 40 నిమిషములు పట్టును. రాత్రి 9 గంటలకు పాత్రను ఖాళీచేసినవాడు మరునాటి రాత్రి 11 గంటల 40 నిమిషముల లోపల ఎప్పుడు వచ్చినను వానికి నష్టము లేదు. ఆ మధ్యకాలమున అన్నము తినవచ్చును.